విరగాల్సిన పిన్ను

బట్టలు నానబెట్టే ముందు జేబులు చూడమని మెకానిక్‌కి ఆయన భార్య ముప్పై ఏళ్లపాటు చెప్పింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు. బట్టలు ఉతికేది ఆవిడే, జేబుల్లో దొరికిన వాషర్లూ పెన్సిల్ ముక్కలూ ఏరి వంటింటి అలమరలో ఒక రేకు డబ్బాలో వేసేదీ ఆవిడే. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఆయనే ఉతుక్కుంటున్నాడు. జేబులు చూడటం మాత్రం గుర్తొచ్చినప్పుడే.

ఆ గురువారం సాయంత్రం గుర్తొచ్చింది.

నీలిరంగు యూనిఫాం చొక్కా బకెట్లో ముంచబోతూ ఎడమ జేబులో వేలు పెట్టాడు. అడుగున, కుట్టు మూలలో, ఏదో గుచ్చుకుంది. బయటికి తీసి చూస్తే కాటర్ పిన్ను. కొత్తది. రెండు కాళ్లూ తిన్నగా ఉన్నాయి; ఇంకా ఎవరూ వంచలేదు.

మెకానిక్ అక్కడే పీట మీద కూలబడ్డాడు.

కాటర్ పిన్ను పెద్ద వస్తువేమీ కాదు. బోల్టుకి నట్టు బిగించాక, అదురుకి ఆ నట్టు తిరిగి వదులైపోకుండా అడ్డంగా దూర్చి, కాళ్లు వంచి వదిలేసే తీగముక్క. కానీ అది లేకపోతే నట్టు తిరుగుతుంది. నట్టు పోతే బోల్టు జారుతుంది. బోల్టు జారితే ఏమవుతుందో ఆ ఉదయమే విమానాశ్రయంలో అందరూ చూశారు.

తొమ్మిది గంటలకి దిగిన చిన్న విమానమది. రెండు ప్రొపెల్లర్లు, నలభై ముగ్గురు ప్రయాణికులు. వెనక చక్రాలు నేలకి ఆనాయి, ముందు చక్రం ఆనింది, ఆనగానే అడ్డం తిరిగింది. విమానం రన్‌వే దిగి గడ్డిలోకి పోయి, ఎనభై గజాలు గీరుకుంటూ వెళ్లి, ముక్కు నేలకి ఆనించి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక పెద్దమనిషి నాలుక కరుచుకున్నాడు, అంతే. వారం రోజులుగా వాన లేక నేల గట్టిగా ఉంది కాబట్టి చక్రాలు దిగబడలేదు. దిగబడి ఉంటే కథ వేరేలా ఉండేదని అగ్నిమాపక దళం వాళ్లు చెప్పుకున్నారు.

ఆ ముందు చక్రం మీద కత్తెరలా ముడుచుకుంటూ విచ్చుకుంటూ, దాన్ని తిన్నగా నిలబెట్టే లింకు ఒకటుంటుంది. మంగళవారం మధ్యాహ్నం దాన్ని మార్చింది ఈయనే. మూడు బోల్టులు, మూడు నట్లు, మూడు పిన్నులు. స్టోర్లో కూర్చునే ఆయన్ని అందరూ లెక్కల మాస్టారంటారు. మూడంటే మూడే ఇస్తాడు. నాలుగోది అడిగితే ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తాడు. మూడింట్లో ఒకటి జేబులో ఉందంటే విమానానికి పెట్టినవి రెండు. ఒకటో తరగతి పిల్లాడికి కూడా వచ్చే లెక్క.

పైన సూపర్‌వైజర్ కూడా చూసి సంతకం పెట్టాడు, నిజమే. కానీ ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన ఈ మెకానిక్ ముఖం చూసి సంతకం పెడుతున్నాడు గానీ పిన్ను చూసి కాదు.

"నాన్నా, బకెట్లో నురగంతా చచ్చిపోయింది. ఉతుకుతున్నావా, తపస్సు చేస్తున్నావా?" అంటూ కూతురు వచ్చింది. మందుల షాపులో పనిచేస్తుంది. ఆ రోజు సంగతి తెలిసి తొందరగా ఇంటికొచ్చేసింది. తండ్రి చేతిలోది చూసి, ఆయన ముఖం చూసి, పక్కన కూర్చుంది. ఆయన చెప్పాడు. చెప్పడానికి పట్టుమని పది మాటలు కూడా పట్టలేదు.

అంతలో వీధి తలుపు తోసుకుంటూ బావమరిది వచ్చాడు. భార్యకి తమ్ముడు. విమానాశ్రయంలో విమానాల్ని తోసే ట్రాక్టర్ నడుపుతాడు. అక్క పోయినా రాకపోకలు మానలేదు. వారానికి నాలుగు పూటలు ఇక్కడే భోజనం.

"ఏమే కోడలు పిల్లా, మీ నాన్న ముఖం అలా వేలాడేశాడేంటి? నలభై మూడు మందీ నడుచుకుంటూ దిగారు, ఇంకేం కావాలట?"

"మావయ్యా, నువ్వు కాసేపు ఊరుకో."

మెకానిక్ పిన్ను చూపించాడు. బావమరిది దాన్ని చేతిలోకి తీసుకోలేదు. గొంతు తగ్గించాడు.

"ఎవరైనా చూశారా?"

"మేమిద్దరం చూశాం. ఇప్పుడు నువ్వు."

"అయితే కాలవలో పారేయ్ బావా. ఇంత తీగముక్క. అది మాట్లాడుతుందా, చేస్తుందా?"

"నేను మాట్లాడతాను కదరా."

"నువ్వెందుకు మాట్లాడాలి? మూడేళ్లలో రిటైరవుతావు. ముప్పై ఏళ్లు చేసిన పని ఒక పిన్నుకి పోగొట్టుకుంటావా?"

"మావయ్యా," అంది కూతురు, "నేను ఒక మందు బదులు ఇంకో మందిచ్చానని ఇంటికొచ్చాక తెలిసిందనుకో. సీసా కాలవలో పారేసి పడుకోమంటావా?"

బావమరిది కాళ్లు కడుక్కుని వచ్చాడు. భోజనానికి కూర్చున్నాడు గానీ, రెండోసారి వడ్డించమని అడగలేదు. మామూలుగా మూడోసారి కూడా అడిగే మనిషి. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆ ఇంట్లో ఆ పూట ఎవరికీ ఆకలి లేదు.

మర్నాడు ఉదయం దర్యాప్తు వాళ్లు మెకానిక్‌ని పిలిచారు. వాళ్లు కంపెనీ మనుషులు కారు, విమానాశ్రయం మనుషులూ కారు, పోలీసులు అసలే కారు. విమానం ఎక్కడ పడినా, పడబోయి ఆగినా, ఎందుకలా అయిందో తేల్చడానికి విడిగా ఉన్న సంస్థ వాళ్లది. గురువారం మధ్యాహ్నానికే ఐదుగురు దిగారు. పెద్దావిడ ఒకరు, మిగతా నలుగురూ ఆవిడ కింద. ఆవిడకి సాయంత్రం లోపలే విమానాలు బాగుచేసే హ్యాంగరులో పేరు పెట్టేశారు: చీటీలావిడ. ప్రతి వస్తువుకీ పసుపు చీటీ అంటిస్తుంది. విరిగిన ముక్కకి చీటీ, బోల్టుకి చీటీ, గడ్డిలో చక్రం జాడకి పుల్ల పాతి దానికో చీటీ. ఆఖరికి తన నీళ్ల సీసాకి కూడా 'ఇది తాగే నీళ్లు' అని అంటించుకుందట.

అది అబద్ధం కాదు. దర్యాప్తు వాళ్లకి ఇచ్చిన శిక్షణ గదిలో బల్ల మీద ఆ సీసా ఉంది, దాని మీద చీటీ ఉంది. మెకానిక్‌కి అంత భయంలోనూ నవ్వొచ్చింది.

"నవ్వండి, పర్లేదు," అందావిడ. "ఒకసారి మావాడొకడు నూనె నమూనా తాగబోయాడు. అప్పట్నుంచి అంటిస్తున్నాను. కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. రాత్రి రాసిన కాగితం బల్ల మీద పెట్టి, దాని మీద పిన్ను పెట్టాడు. 'మంగళవారం నేను మూడు పిన్నులకు గాను రెండే అమర్చాను. ఈ ప్రమాదానికి నేనే కారణం.' కింద సంతకం.

ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది.

"పెట్టడం మరిచిపోయినట్టు మీకు గుర్తుందా?"

"మరిచిపోయింది ఎలా గుర్తుంటుందండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను. పోనీ, పెట్టినట్టు గుర్తుందా?"

మెకానిక్ ఆలోచించాడు. "నిన్న సాయంత్రం దాకా మూడూ పెట్టినట్టే గుర్తుందండీ. ఇది చూశాక, రెండే పెట్టినట్టు గుర్తొస్తోంది."

"చూశారా మరి. మూడు రోజుల కిందటి సంగతి నిన్న సాయంత్రం మారిపోయింది." ఆవిడ కుర్చీ ఆయనవైపు జరిపింది. "తప్పెవరిదో తేల్చడం మా పని కాదండీ. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరక్కుండా ఏం చెయ్యాలి... ఇవే మా పని. మీ కాగితం దాచుకుంటాను. కానీ ఇది జరిగింది చెప్పట్లేదు. మీ భయం చెబుతోంది. కూర్చోండి ముందు."

కూర్చున్నాడు. ఆవిడ చేతులకి పల్చటి తొడుగులు వేసుకుని, పిన్నుని పట్టకారుతో ఎత్తి, భూతద్దం కింద పెట్టింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత, ఆయన కలలో కూడా ఊహించని ప్రశ్న అడిగింది.

"మీ ఇంట్లో బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"నేనేనండీ. రెండేళ్లుగా."

"బాగా ఉతుకుతారా?"

ఇదేం దర్యాప్తో ఆయనకి అర్థం కాలేదు. "మా అమ్మాయి మెచ్చుకోదండీ. సబ్బుపొడి ఎక్కువ వేస్తానంటుంది. జాడించడం తక్కువంటుంది. ఆరేసిన చొక్కాలు వాటంతటవే నిలబడతాయని వెక్కిరిస్తుంది."

"ఈ పిన్ను తీసినప్పుడు చొక్కా తడిసిందా?"

"లేదండీ. మంగళవారం పనిలో వేసుకున్న చొక్కానే, అప్పట్నుంచి ఉతకలేదు. బకెట్లో ముంచకముందే తీశాను. నీటిచుక్క కూడా తగల్లేదు."

ఆవిడ భూతద్దం ఆయన వైపు తిప్పింది. పిన్ను తల దగ్గర గుండ్రటి కంత. ఆ కంతలో తెల్లగా గట్టిపడిన ముద్ద. దానికి అంటుకుని నీలిరంగు నూలుపోగు.

"అదేంటో చెప్పండి."

మెకానిక్ ఎంతసేపు చూశాడో ఆయనకే తెలియదు. ఆ ముద్దని ఆయన ఎరుగును. వారం వారం చొక్కా కుట్టుల్లోంచి గోటితో గీకేది అదే. "సబ్బుపొడి," అన్నాడు మెల్లగా.

"మంగళవారం స్టోర్ నుంచి వచ్చిన పిన్ను, ఇంకా ఉతకని చొక్కా జేబులో ఉంటే, దానికి సబ్బెక్కడిది? ఇది ఒక ఉతుకు తిని వచ్చింది. మంగళవారం కంటే ముందే మీ జేబులో ఉంది. బాగా ఆలోచించండి. ఈ మధ్య మీ దగ్గర ఒక పిన్ను ఎక్కువ అవ్వడానికి కారణం ఏదైనా ఉందా?"

అప్పుడు గుర్తొచ్చింది, దానంతటదే. పదకొండు రోజుల కిందట, వానలో, బయట నిలబెట్టిన విమానానికి చక్రం మారుస్తుంటే తడిచేతిలోంచి పిన్ను జారింది. పరుగెత్తి స్టోర్‌కి వెళ్లి ఇంకోటి తెచ్చి పని ముగించాడు. కానీ విమానాలు తిరిగే చోట కిందపడిన ఇనుపముక్కని వదిలి పోకూడదు. వానలోనే మోకాళ్ల మీద పాకుతూ వెతికాడు. ట్రాక్టర్ మీంచి బావమరిది అరిచాడు కూడా: "ఏంటి బావా, పన్ను ఊడిపడిందా?" ఆఖరికి ఒక నీటిగుంటలో దొరికింది. తీసి జేబులో వేసుకున్నాడు. ఎడమ జేబులో.

అదంతా ఆవిడకి చెప్పాడు. ఆవిడ మాత్రం అక్కడితో నమ్మెయ్యలేదు. స్టోర్ రిజిస్టరు తెప్పించింది. లెక్కల మాస్టారు దాన్ని పసిబిడ్డలా గుండెలకి హత్తుకుని తానే మోసుకొచ్చాడు. పదకొండు రోజుల కిందటి పేజీలో గుండ్రటి అక్షరాలు: 'ఒకటి అదనం. చెయ్యి జారిందట. ఇకమీదట చేతులు తుడుచుకుని పని చేయవలెను.'

చీటీలావిడ పకపకా నవ్వింది. "మాస్టారూ, మీలాంటివాళ్లు ప్రతి స్టోర్లోనూ ఒకరుంటే నా పని సగం తగ్గేది."

"అదనం ఇవ్వడం నాకిష్టం లేదు మేడమ్," అన్నాడు మాస్టారు, పొగిడిందో తిట్టిందో తేల్చుకోలేక.

మెకానిక్ లేవబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ముఖంలో నవ్వు అలాగే ఉన్నా మాట మాత్రం కచ్చితంగా వచ్చింది. "ఒక్కమాట. ఈ పిన్ను మంగళవారంది కాదని తేలింది. అంతవరకే. మూడూ పెట్టారని ఇంకా తేలలేదు. మధ్య బోల్టుదీ దాని నట్టుదీ జాడ లేదు. అవి దొరకాలి. దొరికేదాకా మీరు తప్పు చెయ్యలేదనీ నేను అనను, చేశారనీ అనను."

గుడ్డికన్నా మెల్ల నయం అనుకుంటూ ఆయన భోజనానికి ఇంటికి వెళ్లాడు. ఆ పూట కొంచెం తిన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం నుంచి గడ్డిలో వెతుకులాట. చీటీలావిడ మనుషులు రన్‌వే పక్కన నేలంతా తాళ్లు కట్టి మంచమంత మంచమంత గళ్లు చేశారు. గడికో నంబరు. ఒకతను లోహాన్ని పసిగట్టే కర్ర పట్టుకుని ఊపుకుంటూ ముందు నడుస్తాడు. వెనక మోకాళ్ల మీద మిగతావాళ్లు. మొదటి రోజు ఒక తాళంచెవి, రెండు సీసా మూతలు, ఎవరిదో చేతిగడియారం దొరికాయి. వాటికీ చీటీలు అంటించారు. మెకానిక్ తన పని చేసుకుంటూనే హ్యాంగరు గుమ్మంలోంచి అటు చూస్తున్నాడు. చూడకూడదనుకున్నప్పుడల్లా చూస్తున్నాడు.

శనివారం పదకొండు దాటాక నూట పన్నెండో గడిలో చెయ్యి లేచింది.

అరగంటకి కబురొచ్చింది. ఆయన వెళ్లేసరికి బల్ల మీద తెల్లటి గుడ్డ, గుడ్డ మీద బొటనవేలంత ఇనుపముక్క. బోల్టు సగానికి తెగింది. తెగిన కొనమీద నట్టు బిగించినట్టే ఉంది. నట్టుకి అడ్డంగా పిన్ను.

"ముట్టుకోకండి. చూసి చెప్పండి. కాటర్ పిన్ను కాళ్లు ఒకటి పైకి, ఒకటి కిందికి వంచుతారు. అందరూ అంతే. దీనికి పైకాలు కొన మళ్లీ లోపలికి మడిచి ఉంది. పుస్తకంలో అలా మడవమని లేదు, మడవద్దనీ లేదు. మీ హ్యాంగరులో ఇలా మడిచేది ఎవరు?"

మెకానిక్ గుడ్డ మీదికి వంగి చూశాడు.

"నేనేనండీ," అన్నాడు. "కొన బయటికుంటే తర్వాత అక్కడ చెయ్యి పెట్టేవాడికి గీసుకుంటుంది. నేను పనిలో చేరిన కొత్తలో నాకు గీసుకుంది." అరచెయ్యి తిప్పి చూపించాడు. బొటనవేలి కింద పాతబడిన తెల్లగీత.

ఆవిడ ఆ గీతని కూడా ఇనుపముక్కని చూసినంత శ్రద్ధగా చూసింది. "నట్టు ఊడలేదు. పిన్ను ఊడలేదు. మీరు పెట్టిన మూడూ పెట్టినచోటే ఉన్నాయి. తెగింది బోల్టు," అంది.

నెత్తిన పాలు పోసినట్టుందని మెకానిక్ ఎన్నోసార్లు అని ఉంటాడు గానీ, అది ఎలా ఉంటుందో ఆ క్షణం తెలిసింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచాక కూడా మసకగానే ఉంది. ఆవిడ తన నీళ్ల సీసా ఆయన ముందుకి జరిపింది. "తాగే నీళ్లే. చూడండి, రాసి ఉంది."

తాగాడు. ఊపిరి కుదుటపడ్డాక, ఆయనలోని మెకానిక్ మళ్లీ లేచాడు. "కొత్త బోల్టు రెండు రోజుల్లో ఎందుకు తెగిందండీ?"

"ఇక తేల్చాల్సింది అదే." తెగిన చోటు భూతద్దం కింద పెట్టింది. సగం మేర రంగు మారి ఉంది, మిగతా సగం ధగధగా మెరుస్తోంది. "ల్యాబు వాళ్లు చూడాలి గానీ, నాకనిపించేది చెబుతాను. ముందే సగం పగిలింది. దిగినప్పుడు మిగతాది తెగింది. పగిలేలా చేసింది ఏంటంటే... నేలమీద ఎవరో ఆ చక్రాన్ని తిరగాల్సిన దానికంటే ఎక్కువ తిప్పారు."

నేలమీద ముందు చక్రాన్ని తిప్పేది ట్రాక్టరు. బుధవారం ఉదయం ఆ విమానాన్ని తోసింది ఎవరో మెకానిక్‌కి తెలుసు. గురువారం రాత్రి రెండోసారి వడ్డించమని ఎవరు అడగలేదో అప్పుడు గుర్తొచ్చింది.

ట్రాక్టరు షెడ్డులో బావమరిది ఒక్కడే ఉన్నాడు. తుడిచిన అద్దాన్నే తుడుస్తున్నాడు. బావని చూసి గుడ్డ పక్కన పెట్టాడు.

"దొరికిందటగా?"

"దొరికింది. పిన్ను ఉంది. మూడూ పెట్టాను."

"హమ్మయ్య," అన్నాడు బావమరిది. అది మనస్ఫూర్తిగానే అన్నాడు, భుజాలు దిగిపోయాయి. తర్వాత ఇంకా దిగిపోయాయి. అక్కడే ట్రాక్టరు మెట్టు మీద కూర్చున్నాడు. "బావా, నిన్ను అడుగుతారనుకున్నాను గానీ నువ్వే పోయి నెత్తిన వేసుకుంటావనుకోలేదు. రెండు రోజులు చూస్తూ కూర్చున్నాను. అక్క ఉంటే చెప్పుతో కొట్టేది."

"కొట్టేది. తర్వాత భోజనం పెట్టేది. ఏం జరిగిందో చెప్పు."

బావమరిది లేచి గోడ దగ్గరికి నడిచాడు. విమానాన్ని ట్రాక్టరుకి కలిపే పొడవాటి ఇనుప దండం అక్కడ ఆనించి ఉంది. దాని మెడ దగ్గర ఒక సన్నటి పిన్ను ఉంటుంది. మెత్తటి లోహం. కావాలనే బలహీనంగా చేస్తారు. డ్రైవరు మలుపు మరీ ఎక్కువ తిప్పితే విమానం చక్రానికి దెబ్బ తగలకముందే అది పుటుక్కున విరగాలి. విరగడమే దాని ఉద్యోగం.

ఆ పిన్ను ఉండాల్సిన చోట నల్లటి ఉక్కు బోల్టు ఉంది.

"నేలమీద కొత్తగా గీత గీసిన ఆ మూల మలుపు లేదూ, అక్కడ వారానికి రెండు విరుగుతున్నాయి బావా. స్టోర్లో అయిపోయాయి. రాసిచ్చాను. మళ్లీ రాసిచ్చాను. రెండు నెలలు. విరిగిన ప్రతిసారీ అరగంట ఆలస్యం, ఆలస్యమైన ప్రతిసారీ పైనుంచి అక్షింతలు. ఓ రోజు విసుగొచ్చి దీన్ని బిగించాను. గట్టిది పెడితే మంచిదే కదా అనుకున్నాను. గట్టిది!" తనమీద తనకే అసహ్యం వేసినట్టు నవ్వాడు. "బుధవారం ఆ మూలలో టక్‌మని వినిపించింది. దిగి చూశాను. బోల్టు చెక్కుచెదరలేదు. బాగానే ఉందిలే అని వెళ్లిపోయాను. చెక్కుచెదరకపోవడమే తప్పని గురువారం గడ్డిలో విమానాన్ని చూసినప్పుడు గానీ తట్టలేదు."

కాలవలో పారేయ్ అన్నమాట ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. ఎవరూ దాన్ని ఎత్తలేదు.

"ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు," అన్నాడు బావమరిది. అది ఆశగా అన్నాడో భయంగా అన్నాడో అతనికే తెలియనట్టుంది. ఆ బోల్టు మీద చెయ్యి వేశాడు. "పానా ఇవ్వు బావా. ఊడదీసి పట్టుకెళ్దాం."

"ఊడదియ్యకు. ఎలా ఉన్నది అలాగే ఉండనీ. ఆవిడే ఇక్కడికొచ్చి చూస్తుంది. చీటీ అంటించకపోతే ఆవిడకి తోచదు."

ఇద్దరూ ఎండలో శిక్షణ గదికి నడిచారు. దారిలో బావమరిది ఒకసారి ఆగి, "ఉద్యోగం పోతే?" అన్నాడు. "పోతే నాలుగు పూటలు కాస్తా ఏడు పూటలు తింటావు, అంతేగా," అన్నాడు మెకానిక్.

చీటీలావిడ అంతా విన్నది. మధ్యలో ఒక్కసారీ 'ఎందుకు చేశావు' అనలేదు. అన్నీ 'ఎప్పుడు', 'ఎన్నిసార్లు', 'ఎవరికి రాసిచ్చారు' అనే ప్రశ్నలే. పిన్నులు కావాలని రాసిచ్చిన కాగితాల నకళ్లు లెక్కల మాస్టారి దగ్గర ఉన్నాయి. ఆయన దగ్గర లేని కాగితం ఉండదు. మూడు కాగితాలు, మూడూ పై ఆఫీసులో ఆగిపోయినవే. కొత్త మలుపు గీసినవాళ్లు ఈ రకం విమానం ఎంత తిరగగలదో కొలవలేదని కూడా ఆ సాయంత్రమే తేలింది.

"మీరు చెప్పకపోయినా రేపో ఎల్లుండో దండం దగ్గరికి వచ్చేవాళ్లం," అందావిడ బావమరిదితో. "కానీ ఈ రెండు రోజులు మాకు చాలా అవసరం. ఎందుకో తెలుసా? గట్టిది పెడితే మంచిదే కదా అనుకున్న మనిషి మీరొక్కరే అయ్యుండరు."

రిపోర్టు కోసం ఆగకుండా ఆదివారం ఉదయమే అన్ని విమానాశ్రయాలకీ అత్యవసర లేఖ వెళ్లింది: తోసే దండాల మెడలో ఏ పిన్ను ఉందో ఇవాళే చూడండి. పదిరోజుల్లో జవాబులొచ్చాయి. ఇంకో నాలుగు దండాల్లో ఉక్కు బోల్టులు దొరికాయి. వాటిలో ఒకదాంతో తోసిన విమానం ముందు చక్రం విప్పి చూస్తే, ఆ బోల్టు అప్పటికే సగం పగిలి ఉంది. ఆ మధ్యాహ్నం అది డెబ్బై మందితో ఎగరాల్సి ఉందట. హ్యాంగరులోనే మార్చేశారు. ఆ డెబ్బై మందికీ తమ విమానం రెండు గంటలు ఆలస్యమైందన్న కోపం తప్ప ఇంకేమీ తెలియదు.

ఈ సంగతి చీటీలావిడ ఫోన్ చేసి చెప్పింది. బావమరిది ఫోన్ పెట్టేసి, వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. బయటికొచ్చి, "కోడలు పిల్లా, ఇంకొంచెం వడ్డించు," అన్నాడు.

అతన్ని కంపెనీ మూడు వారాలు ట్రాక్టరు ఎక్కనివ్వలేదు. మళ్లీ శిక్షణ ఇచ్చి ఎక్కించింది. ఆ మూల మలుపు చెరిపి వెడల్పుగా గీశారు. పిన్నులు పెట్టెల కొద్దీ వచ్చాయి.

రిపోర్టు వచ్చేసరికి పదకొండు నెలలు పట్టింది. అరవై రెండు పేజీలు. ఎవరి పేరూ లేదు. 'మెకానిక్', 'ట్రాక్టర్ డ్రైవర్', 'స్టోర్ ఉద్యోగి'. తప్పు అన్న మాట కోసం బావమరిది మొదటి నుంచి చివరిదాకా వెతికాడు, దొరకలేదు. ఇరవై ఏడో పేజీ మాత్రం కూతురు పైకి చదివింది: "నట్టుకు పిన్ను సక్రమంగా అమర్చి ఉంది. తదుపరి పనిచేసే వారి చేతికి గాయం కాకుండా దాని కొనను లోపలికి మడిచారు. ఈ అలవాటు వల్ల ఆ పిన్ను ఎవరు అమర్చారో గుర్తించడం సాధ్యమైంది."

"మళ్లీ చదువమ్మా," అన్నాడు మెకానిక్.

మళ్లీ చదివింది.

ఆ తర్వాతి వారం ఒక ఉదయం ఆయన హ్యాంగరు గుమ్మంలో టీ తాగుతున్నాడు. బయట ట్రాక్టరు ఒక విమానాన్ని వెనక్కి తోస్తోంది. పక్క స్టాండులో సామాను బండి అడ్డంగా నిలబడటంతో బావమరిది మరీ గట్టిగా తిప్పాల్సి వచ్చింది. టప్‌మని చప్పుడైంది. విమానం ఆగిపోయింది. కిటికీల్లోంచి ప్రయాణికులు చూస్తున్నారు. రేడియోలో ఎవరో "ఎంతసేపు? ఎంతసేపు?" అని కేకలేస్తున్నారు.

బావమరిది ట్రాక్టరు మీంచి దూకి, దండం మెడ దగ్గర వంగి, రెండు ముక్కలు చేతిలోకి తీసుకుని లేచాడు. ఇంట్లో పిల్ల పుట్టిన కబురు తెచ్చినవాడిలా చెయ్యి పైకెత్తి అరిచాడు.

"బావా! విరిగింది! విరిగింది బావా!"

మెకానిక్ టీ గ్లాసు కింద పెట్టి పరుగెత్తాడు. ముందు చక్రం కింద పడుకుని టార్చి వేసి బోల్టులు ఒక్కొక్కటే చూశాడు. మూడూ చెక్కుచెదరలేదు. విమానం ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది, అంతే. విరిగిన ముక్క చూపిస్తే గానీ లెక్కల మాస్టారు కొత్త పిన్ను ఇవ్వడు కాబట్టి ఒక ముక్క ఆయనకిచ్చారు. రెండోది మెకానిక్ తన ఎడమ జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం బకెట్లో నురగ పొంగుతోంది. వంటింట్లోంచి కూతురు కేకేసింది.

"నాన్నా, జేబులు చూశావా?"

"చూశానమ్మా," అన్నాడాయన. అలమర తలుపు తెరిచి, దాదాపు మూడేళ్లుగా కొత్తగా ఏమీ పడని రేకు డబ్బా మూత తీసి, ఆ విరిగిన ముక్కని అందులో వేశాడు.